రౌద్రి మాఘ సంచిక

మా లైబ్రరీలో ఒక పాత మాసపత్రిక కేటలాగు కార్డు కింది అంచున ఎర్రసిరాతో ఒక వరుస ఉండేది: ‘1921 జనవరి, ఫిబ్రవరి, మార్చి – లేవు.’ నేను 1983లో ఆ లైబ్రరీ పీరియాడికల్స్ సెక్షన్‌లో చేరేనాటికే ఆ సిరా వెలిసిపోయింది. ఎవరు రాశారో మా సెక్షన్‌లో అందరికంటే పెద్దాయనకు కూడా తెలియదు. ఆ వరుసను నమ్మి ఎందరిని వెనక్కి పంపానో నాకే లెక్క లేదు. ముప్పయ్యొక్క ఏళ్ల ఉద్యోగంలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

నేను చీరాలలో పుట్టాను. సెలవులొస్తే మా నాన్న వేటపాలెం సారస్వత నికేతనానికి తీసుకెళ్లేవారు. అది 1918లో మొదలైన గ్రంథాలయం. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారని చెప్పి, గుడిలోకి వెళ్లేముందు చెప్పినట్టే, లోపల గట్టిగా మాట్లాడొద్దనేవారు. బీరువాల్లో పాత పత్రికల బైండు సంపుటాలు వరసగా ఉండేవి. ఇన్ని పత్రికలను వరసలో పెట్టి ఎవరు చూసుకుంటారా అనుకునేదాన్ని. ఆ పనే నా ఉద్యోగమైంది.

పుస్తకాన్ని కేటలాగు చెయ్యడం ఒక పూట పని. పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం, పుటలు రాసేస్తే ఆ కార్డు మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. పత్రిక కార్డుకు ఆ సుఖం లేదు. కృష్ణా పత్రిక 1902లో బందరులో పక్షపత్రికగా పుట్టి తర్వాత వారపత్రిక అయింది. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసు చేరి, ఆ ఏడు ఏప్రిల్ 1 నుంచి దినపత్రికగా కూడా వచ్చింది. సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక 1926 మే 10న మొదలైనప్పుడు వారానికి రెండుసార్లు వచ్చేది, 1947లో దినపత్రికగా మారింది. ఊరు మారినా, పేరు మారినా, వచ్చే తేదీలు మారినా ఆ మార్పు కార్డుకు ఎక్కాల్సిందే. ఎక్కకపోతే పదేళ్ల తర్వాత వచ్చిన పాఠకుడు లేని సంచిక కోసం వెతుకుతాడు, ఉన్న సంచిక లేదనుకుంటాడు. ఇక 1934లో వచ్చిన గోలకొండ కవుల సంచిక సంగతి. 354 మంది కవులున్న ఆ సంపుటం పేరులోనే ‘సంచిక’ ఉంది. దాన్ని పత్రికల్లో పెట్టాలా, పుస్తకాల్లో పెట్టాలా? మా సెక్షన్‌లో దీనిమీద వాదన ప్రతి తరంలోనూ జరిగింది. నేను రెండుచోట్లా కార్డు వేశాను. ఆ పని తప్పని ఇప్పటికీ అనుకోను.

ఈ చిక్కులన్నిటికీ మన దగ్గర పద్ధతి కట్టినాయన షియాలి రామామృత రంగనాథన్. ఆయన మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా చేరింది 1924 జనవరిలో. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి భారతి మాసపత్రిక మొదటి సంచిక వచ్చింది కూడా అదే మద్రాసులో, అదే జనవరిలో. పత్రికలను లెక్కపెట్టే పద్ధతి పుట్టబోయే ఊళ్లోనే, అదే నెలలో, మన సాహిత్యానికి అరవై ఏళ్లకు పైగా అద్దమైన పత్రిక కూడా పుట్టడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరించే సంగతి.

రంగనాథన్ గారు పత్రికలకు మూడు కార్డుల పద్ధతి పెట్టారు. మొదటిది రిజిస్టర్ కార్డు. చందా ఎప్పుడు కట్టాం, ఏ సంపుటంలో ఏ సంచిక ఏ తేదీన అందింది అన్నీ దానిమీద. రెండోది చెక్ కార్డు. ఇది పత్రిక పేరును బట్టి కాక, సంచిక రావలసిన వారాన్ని బట్టి ట్రేలో నిలబడుతుంది. సంచిక రాగానే ఆ కార్డును తర్వాతి సంచిక రావలసిన వారానికి జరుపుతాం. వారం గడిచాక ఇంకా పాత చోటే నిలబడి ఉన్న కార్డులే రాని సంచికలు. వాటికి ఉత్తరాలు రాయాలి. మూడోది విషయవారీ సూచిక కార్డు. మన దగ్గర ఏ సంపుటాలున్నాయో, అనుబంధాలేమిటో పాఠకుడి ప్రశ్నకు జవాబు చెప్పేది ఇదే. 1934లో అచ్చయిన తన క్లాసిఫైడ్ కేటలాగ్ కోడ్‌లో పేరు మారిన పత్రికకు, రెండుగా చీలిన పత్రికకు, ఒకదానిలో ఒకటి కలిసిపోయిన పత్రికకు వేర్వేరు సూత్రాలు రాశారు. చెక్ కార్డును జరపడం నాకు చాలా ఇష్టమైన పని. పొద్దున్నే తపాలా సంచీ విప్పి, సంచికలు పేర్చుకుని, కార్డులు ఒక్కొక్కటే ముందుకు జరుపుతుంటే, ఎక్కడో అచ్చుయంత్రం తిరిగిన చప్పుడు చేతికి తెలిసినట్టుండేది.

కానీ రంగనాథన్ గారి కార్డుల్లో పత్రిక అంటే కాగితమే. మా కష్టాలు కాగితం తర్వాత మొదలయ్యాయి. అసలు చూస్తే కాగితం దగ్గరే మొదలయ్యాయి, బైండరు చేతిలో.

పన్నెండు సంచికలు జమకాగానే బైండింగుకు పంపేవాళ్లం. బైండరు మా మేడ కిందే ఒక వరండాలో కూర్చునేవాడు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపిన జిగురు, కుట్టడానికి దారం, వెన్నుకు కాలికో గుడ్డ. మంచి పనివాడు. ఆ రోజుల్లో అన్ని లైబ్రరీల్లోనూ ఒక అలవాటుండేది. బైండు లావు కాకూడదని ప్రతి సంచిక అట్టా, ప్రకటనల కాగితాలూ ఊడదీసి, లోపలి ఫారాలు మాత్రమే కలిపి కుట్టేవారు. తర్వాత మూడువైపులా కటింగు కొట్టేవారు. అలా ఊడిన అట్టతో పాటు ఏమేమి పోయాయి? నెల, సంవత్సరం, వెల, చందా వివరం. 1867 నాటి చట్టం ప్రకారం తప్పనిసరిగా వెయ్యవలసిన ముద్రాపకుడి పేరు, అచ్చైన ఊరు. ప్రకటనలు పోయాయి. డాక్టరు కేసరి గారి లోధ్ర మందు ప్రకటన లేని గృహలక్ష్మి సంచికను చూసినవాళ్లకు, ఆ పత్రికను నడిపించిన మందుల వ్యాపారం సంగతి ఎలా తెలుస్తుంది? బైండైన సంపుటం చేతిలోకి తీసుకుంటే పుటల అంకెలు ఏడాదంతా ఒకే వరుసలో సాగుతాయి. ఏ సంచిక ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలైందో పుట పైభాగం చూసి ఊహించుకోవాలి.

ఇప్పుడు రౌద్రి సంగతి చెప్పాలి.

మన పాత మాసపత్రికలు చాలావాటికి ఇంగ్లీషు నెలతో పనిలేదు. రౌద్రి సంవత్సరం చైత్రం, రౌద్రి వైశాఖం, అలా ఫాల్గుణం దాకా. ఆంధ్రపత్రిక ఉగాది సంచికలనూ మనం ఆ సంవత్సరం పేరుతోనే గుర్తుపెట్టుకున్నాం. తెలుగేడు ఉగాదికి మొదలవుతుంది కాబట్టి రౌద్రి 1920 మార్చిలో మొదలై 1921 ఏప్రిల్లో ముగిసింది. అంటే రౌద్రి పుష్యం, మాఘం, ఫాల్గుణం మూడూ 1921లో పడతాయి. ఆ ఎర్రసిరా కార్డు పత్రిక బైండు వెన్నుమీద ఎవరో బంగారు రంగులో ‘రౌద్రి – 1920’ అని అచ్చొత్తించారు. తర్వాతి సంపుటం వెన్నుమీద ‘దుర్మతి – 1921’. దుర్మతి చైత్రం ఏప్రిల్లో వస్తుంది. ఆ రెండు వెన్నులు చూసి, లోపల విప్పకుండా, ఎవరో కార్డు రాశారు. 1921కి ఏప్రిల్ నుంచి ఉన్నాయి, మొదటి మూడు నెలలు లేవు. ఎర్రసిరా వరుస పుట్టింది అలా. అట్టలు ఊడదీయకపోయుంటే ఆ తప్పు జరిగేది కాదు.

అది ఒక్క కార్డుమీద ఆగిపోతే పెద్ద బాధ లేకపోను. తర్వాత ఫిల్ము వచ్చింది.

మైక్రోఫిల్ము మన పత్రికలకు చేసిన మేలు నేను తక్కువ చేసి చెప్పను. ఢిల్లీలో నెహ్రూ స్మారక గ్రంథాలయం పాత దినపత్రికలను ఫిల్ముకెక్కించింది. చికాగో కేంద్రంగా 1967లో మొదలైన దక్షిణాసియా మైక్రోఫారం ప్రాజెక్టు మన భాషల పత్రికలను కూడా ఫిల్ముమీద నిలబెట్టింది. ముట్టుకుంటే పొడి రాలే కాగితం 35 మిల్లీమీటర్ల రీలుమీద వందేళ్లయినా ఉంటుంది, సరైన చల్లదనంలో పెడితే. మా దగ్గరా ఒక విడతలో పాత మాసపత్రికలను ఫిల్ము తీయించారు. ప్రతి రీలు మొదట్లో ఒక బోర్డు ఫొటో ఉంటుంది. పత్రిక పేరు, సంవత్సరం, లేని సంచికల జాబితా. ఆ జాబితా మా కార్డు చూసి రాశారు. ‘జనవరి, ఫిబ్రవరి, మార్చి 1921 – లేవు’ అన్నది ఇప్పుడు తెల్లటి అక్షరాలై ఫిల్ములోకి ఎక్కింది. 1920 డబ్బాలో ఉన్న రీలు చివర ఆ మూడు సంచికలూ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. కానీ 1921 కావాలని వచ్చినవాడికి 1920 డబ్బా ఎవరిస్తారు?

ఆ తర్వాత జరిగింది రాయడం కష్టంగా ఉంది. ఫిల్ము వచ్చింది కదా, కాగితం దేనికన్నారు. బైండు సంపుటాలు ముందు వరండాలోకి, ఆ తర్వాత తూకానికి వెళ్లాయి. నేను సెలవులో ఉన్న వారంలో జరిగింది. తిరిగొచ్చేసరికి ర్యాకులు ఖాళీ. అమెరికాలోనూ ఇదే జరిగిందని తర్వాత నికల్సన్ బేకర్ 2001లో రాసిన పుస్తకం, డబుల్ ఫోల్డ్, చదివి తెలుసుకున్నాను. పుట మూలను ముందుకూ వెనక్కూ మడిచి, విరిగితే ఆ సంపుటానికి ఆయువు తీరిందని తీర్మానించే పరీక్ష పేరే దానికి పెట్టారు. ఆయన వాదనలో ప్రతి మాటకూ నేను తలూపను. కానీ ఫిల్ము ఉంటే కాగితం ఉన్నట్టే అన్న లెక్క ఎంత నష్టం చేసిందో నాకు ఆ పుస్తకం చెప్పనక్కర్లేదు.

ఆ లెక్క కేటలాగు నుంచే వచ్చింది. ఇందులో మా వృత్తి బాధ్యత కూడా ఉంది. కార్డుమీద పత్రిక పేరు, కింద ‘1908–1946’ అని రాస్తే, అది కాగితమా ఫిల్మా అన్నది మూలన చిన్న అక్షరాల్లో పడుండేది. కంప్యూటర్లు వచ్చాక ఇదే ప్రశ్న ప్రపంచమంతటా లేచింది. ఒకే పత్రిక కాగితంలో ఒకటి, ఫిల్ములో ఒకటి ఉంటే రికార్డు ఒకటి చెయ్యాలా, రెండా? అప్పటి నియమాలు చేతిలో ఉన్న వస్తువునే వర్ణించమనేవి. అంటే రెండు. అమెరికాలో 1982లో మొదలైన దినపత్రికల పథకం మాత్రం ఒకే రికార్డు చాలని, కాగితమైనా ఫిల్మైనా ఏ లైబ్రరీలో ఏముందో దాని కింద రాయమని పద్ధతి పెట్టుకుంది. 1989 డిసెంబరులో వర్జీనియాలోని ఎయిర్లీలో కేటలాగర్లు దీనికోసమే సమావేశమై, పైన పత్రిక వర్ణన, కింద రూపానికొకటి చొప్పున ఉన్న సంచికల వివరం (హోల్డింగ్సు) అనే రెండంతస్తుల దారి సూచించారు. మిగతావాళ్లు చాలామంది విడివిడి రికార్డులే చేసుకుంటూ, మార్క్ అనే కంప్యూటర్ కేటలాగు రికార్డులో 776వ ఫీల్డుతో ఒకదానికొకటి ముడివేసుకున్నారు. ఐఎస్‌ఎస్‌ఎన్‌ అనే పత్రికల గుర్తింపు నంబరుకు 1975లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. కాగితానికో నంబరు, ఆన్‌లైన్‌కో నంబరు ఇచ్చారు, ఆ రెండింటినీ కలిపే నంబరు 2007లో వచ్చింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆగిపోయిన మన హిందూసుందరికీ, వివేకవర్ధనికీ అలాంటి నంబరు ఏదీ లేదు. వాటిని పట్టుకోవడానికి పేరు, ఊరు తప్ప ఆధారం లేదు. పేరు కూడా ఒంటరిగా చాలదు. ‘భారతి’ అని వెతికితే ఎన్ని భాషల భారతులో వస్తాయి. అందుకే పేరు పక్కన ఊరి పేరు రాస్తాం.

ఆపైన స్కానులు వచ్చాయి. ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను స్కాన్ చేయించి ఎవరైనా చదివేలా ఆన్‌లైన్‌లో పెట్టిన రోజున నేను పండగ చేసుకున్నాను. ఉయ్యూరులో కూర్చున్న పిల్ల, డల్లాస్‌లో ఉన్న పెద్దాయన ఒకే సంచిక చూడగలగడం మా తరం కలలో కూడా లేదు. ఇంకొక పెద్ద పథకంలో మాత్రం ప్రతి బైండునూ ఒక పుస్తకంగా లెక్కపెట్టి, తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో కామాలూ చుక్కలూ పెట్టి, రచయిత చోట సంపాదకుడి పేరు సగం రాసి వదిలేశారు. పత్రిక ఉంది, కానీ దొరకదు.

2009లో ఒక పరిశోధక విద్యార్థిని నా దగ్గరికొచ్చింది. చీరాల–పేరాల ఉద్యమం మీద పని చేస్తోంది. 1919లో ప్రభుత్వం ఆ రెండు గ్రామాలను మునిసిపాలిటీ చేసింది. పన్నులు మీద పడ్డాయి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట 1921లో జనం ఇళ్లు వదిలి రామనగర్‌లో పాకలు వేసుకుని పదకొండు నెలలున్నారు. ఆ ఊరి పిల్లను నేను. మా నాయనమ్మ ఆ పాకల్లో చిన్నపిల్ల. వచ్చిన అమ్మాయికి కావలసింది ఊరు ఖాళీ కావడానికి ముందు ఆ ఎర్రసిరా కార్డు పత్రికలో వచ్చిన ఒక వ్యాసం. ‘1921 ఫిబ్రవరి’ అని ఎవరో పుస్తకం అడుగున రాసుకున్న ఆధారం ఒక్కటే ఆమె దగ్గరుంది.

“లేదమ్మా, ఆ మూడు నెలలూ లేవు” అన్నాను, అలవాటుకొద్దీ.

“ఫిబ్రవరంటే రౌద్రి మాఘం కదా మేడమ్?” అంది. “రౌద్రి మొత్తం మీ దగ్గర ఉన్నట్టు రాసుందే.”

నా కాళ్ల కింద నేల కదిలింది. ఇరవై ఆరేళ్లుగా ఆ కార్డు నా చేతికింద ఉంది. రీడరులో 1920 రీలు ఎక్కించి చివరిదాకా తిప్పాను. మాఘం కనిపించింది. వ్యాసం కనిపించింది. వ్యాసంలో రెండు పుటలు మసకగా ఉన్నాయి, కెమెరా కింద పుట సరిగ్గా పరవలేదు. కటింగు దెబ్బకు ప్రతి పుటలో అడుగు వరస సగం తెగింది. ఫిల్ము దగ్గరకు ముఖం పెడితే పుల్లటి వాసన. అసిటేట్ ఫిల్ము చచ్చిపోతున్నప్పుడు వచ్చే వాసన అది.

స్కాను వెతికాం. వేరే లైబ్రరీ సంపుటం నుంచి తీసింది. దానికి అట్టలున్నాయి! మాఘ సంచిక అట్టమీద ఇంగ్లీషు నెల కూడా చిన్న అక్షరాల్లో వేసి ఉంది: ఫిబ్రవరి 1921. కానీ లోపల ఒక ఫారం మొత్తం, పదహారు పుటలు, లేవు. వ్యాసంలో నాలుగు పుటలు ఆ ఫారంలో పోయాయి.

మూడోది కాగితం. కృష్ణా జిల్లాలో ఒక ఊరి గ్రంథాలయానికి ఫోను చేసి, అక్కడి పెద్దాయనతో చెక్కబీరువా తీయించాం. ఆ ఊళ్లో ఎవరో ఇంటివారు ఇచ్చిన విడి సంచికలు దారంతో కట్టి ఉన్నాయి. మాఘం ఉంది. అట్టా, ప్రకటనలూ, అన్ని ఫారాలూ ఉన్నాయి. కుడి అంచు మాత్రం చెదలు తిన్నాయి.

ముగ్గురం ఆ వ్యాసం పూర్తి చేశాం. పైవరసలు ఫిల్ములో, తెగిన అడుగు వరసలకూ మసక పుటలకూ స్కాను, స్కానులో తప్పిపోయిన నాలుగు పుటలు కాగితంలో. ఆ రాత్రి ఇంటికెళ్లి ఆ పాఠం మా నాయనమ్మ ఫొటో ముందు చదివాను.

మర్నాడు రికార్డు మళ్లీ చేశాను. నియమాలు రెండు రికార్డులు చెయ్యమన్నా, మూడు చెయ్యమన్నా, నేను ఒకటే చేశాను. పైన పత్రిక పేరు, ఊరు, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది. సంవత్సరాల వరుసలో తెలుగేడు ముందు, ఇంగ్లీషు నెలలు తర్వాత: ‘రౌద్రి చైత్రం–ఫాల్గుణం, మార్చి 1920–ఏప్రిల్ 1921.’ దాని కింద ఒక్కో రూపానికి ఒక్కో వరుస. ఏది ఎక్కడుందో, ఏ సంపుటం నుంచి తీసిందో, అందులో ఏమి తప్పిపోయిందో. ఫిల్ము వరుసలో: అట్టలు లేవు, అడుగు వరస తెగింది, మాఘంలో రెండు పుటలు మసక, వాసన మొదలైంది. స్కాను వరుసలో: అట్టలున్నాయి, మాఘంలో ఒక ఫారం లేదు. ఎర్రసిరా కార్డు ట్రేలోంచి తీసి, పారెయ్యకుండా, రికార్డు ఫైల్లో పెట్టాను. ఆ తప్పు ఎక్కడ మొదలైందో తర్వాత వచ్చేవాళ్లు చూడాలి కదా.

కాగితం వరుస రాయడానికి ఆ ఊరి పెద్దాయనకు మళ్లీ ఫోను చేశాను.

“అమ్మా, చెదలు తిన్నది కూడా రాస్తారా? మాకు చెడ్డపేరు రాదూ?” అన్నారాయన.

“మీ దగ్గర ఉండబట్టే ఇవాళ ఇది ఉందండీ” అన్నాను. “సంచిక తీసి అంచు చూసి చెప్పండి. అక్షరాలకు తగిలిందా?”

కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. “లేదమ్మా. మార్జినే తిన్నాయి. అక్షరం ఒక్కటి పోలేదు.”

రాశాను: ‘కాగితం, విడి సంచికలు, అట్టలతో. కుడి అంచు చెదలు తిన్నది. పాఠం పూర్తి.’